మేకుకు తగిన పీత

లోకంలో కొన్ని వాక్యాలకు సైన్యాలు కదిలాయి. కొన్నిటికి సింహాసనాలు ఒరిగాయి. ఒక మాదిరి పట్నంలో, బస్టాండు వెనక సందులో, చెప్పుల దుకాణానికీ ఇస్త్రీ కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఫోటో స్టూడియోలో పుట్టిన వాక్యం అంత హడావిడి చెయ్యలేదు గానీ, పని మాత్రం గట్టిగానే చేసింది. వేలమంది గడ్డాలను రవంత పైకి లేపింది. ఆ వాక్యం పూర్తి పాఠం ఇది: "గడ్డం కొంచెం పైకి. కళ్ళార్పకండి. రెడీ."

దీని పుట్టుక గురించి భిన్నాభిప్రాయాలున్నాయి. స్టూడియో తెరిచిన కొత్తలో ఒక సిమెంటు వ్యాపారి ప్రతి ఫోటోలోనూ కళ్ళు మూసి, పైగా తన ముఖమే అంత అని దబాయించినప్పుడు, అవసరం కొద్దీ అది తన నోట అవతరించిందని స్టూడియో ఆయన అంటాడు. అదంతా కోత అనీ, పని నేర్పిన గురువు దగ్గర ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చాడనీ ఆయన భార్య అంటుంది. "కొంచెం" అన్న మాట ఒక్కటీ ఆయన సొంతమేనని మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు. అది లేనప్పుడు జనం ఫ్యాను కేసి చూసేవాళ్ళట.

ఫలితం తరాల మీద పడింది. ఆ పట్నం మనిషిని ఎక్కడున్నా గుర్తింపు కార్డు చూసి పోల్చుకోవచ్చు. గడ్డం రవంత ఎత్తి, కళ్ళు ఇంతింత చేసుకుని, ఎవరో అప్పుడే తన మాట కొట్టిపారేసినట్టు చూస్తుంటాడు. గుమాస్తాలు, నర్సులు, డ్రైవర్లు, ఒకరిద్దరు జడ్జీలు, అందరిదీ అదే చూపు.

వాక్యం స్టూడియో గడప దాటడానికి ఎంతో కాలం పట్టలేదు. అత్తగారి కంట్లో మందు చుక్కలు వేసేటప్పుడు స్టూడియో ఆయన అదే అన్నాడు. ఆవిడ వినయంగా గడ్డం ఎత్తింది. పొద్దున్నే అద్దం ముందు తన గడ్డం తాను గీసుకుంటూ కూడా అంటాడని భార్య నలుగురిలో చెప్పింది. ఆయన ఖండించలేదు. నోటినీ వేలినీ ఒకే తీగకు కట్టినట్టు, ఆ మూడు ముక్కలూ అయ్యాకే కెమెరా బొత్తాం నొక్కడం ఆయనకు ఊపిరి పీల్చినంత అలవాటైంది. ఈ తీగ సంగతి కథకు ముఖ్యం. కాస్త గుర్తుంచుకోవాలి.

ఇక మేకు.

వాళ్ళ ముందు గదిలో, సోఫాకు ఎదురుగా, గోడకు ఒకే ఒక మేకు ఉంది. ఇంకోటి కొట్టుకోవచ్చు కదా అనేవాళ్ళకు ఆ గోడ స్వభావం తెలియదు. కాపురం పెట్టిన కొత్తలో ఆయన దాంతో తలపడి, అరడజను మేకుల నడుం విరిచి, బొటనవేలి గోరు సమర్పించుకుని, చివరికి ఒకదాన్ని లోపలికి దింపాడు. గోడ మళ్ళీ అలాంటి పొరపాటు చెయ్యలేదు. ఆ మేకుకు ఏళ్ళ తరబడి ఆవిడ ఫోటోయే వేలాడింది. గ్రంథాలయంలో ఉద్యోగానికి దరఖాస్తు కోసం ఆవిడ ఆ స్టూడియోకి వచ్చి దిగిన ఫోటో అది. ఉద్యోగం వచ్చింది, పెళ్ళీ అయింది. ఆయన దాన్ని పెద్దది చేసి, చట్రం కట్టించి, అక్కడ తగిలించాడు. గడ్డం కొంచెం పైకి, కళ్ళు ఇంతింత.

ఒకరోజు ఆవిడ దాన్ని దింపేసింది. తగాదా లేదు, అలక లేదు. రోజూ నిద్రలేచి హాల్లోకి వస్తే ఇంటర్వ్యూకి వచ్చినట్టుందని మాత్రం చెప్పింది. దాని స్థానంలో తమ్ముడిచ్చిన పిట్టను తగిలించింది.

తమ్ముడు బీమా కంపెనీలో ఆఫీసరు. సెలవు రోజుల్లో మోచేతంత లెన్సు భుజాన వేసుకుని చెరువు గట్ల వెంట తిరుగుతాడు. అందుకే బావగారు చాటున "ఫిరంగి" అంటాడు. ఫిరంగికి అది తెలుసు, కాస్త గర్వం కూడా. అక్క పుట్టినరోజుకు అతను లకుముకి పిట్ట ఫోటో చట్రం కట్టించి తెచ్చాడు. నీలం రెక్కలు, నోట్లో అడ్డంగా చేప, తోక మీద నీటిచుక్క. చూసిన ప్రతివాడూ "అబ్బ" అన్నాడు. సొంత మేకుకు ఎదురుగా కూర్చుని, ఇంకొకరి పిట్టకు వచ్చే "అబ్బ"లు వినడం ఎలాంటిదో అనుభవించినవాడికే తెలుస్తుంది.

స్టూడియో ఆయన ఫోటోను శాస్త్రీయంగా పరిశీలించి తీర్పు చెప్పాడు. పిట్ట పక్కకు చూస్తోంది. రెండో కన్ను లేదు. నోట్లో వస్తువు ఉంది. వెనక తెల్లగా లేదు. ఏ ఆఫీసులోనూ దీన్ని తీసుకోరు.

ఫిరంగి కాఫీ కప్పు కింద పెట్టాడు. "నిజమే బావగారూ. కానీ మీరెప్పుడూ చెప్పినట్టు కూర్చునేవాళ్ళనే తీశారు కదా. మాట వినని దాన్ని ఒక్కదాన్ని తీసి చూపించండి."

ఆయనకు ఆ మాట ముల్లులా దిగడానికి కారణం అది అబద్ధం కాకపోవడమే. ఆయన జీవితంలో తీసిన ప్రతి ముఖమూ స్టూలు మీద కూర్చుని, ఆయన అనుమతించాకే ఊపిరి వదిలింది. అయితే తను ఫోటోలు తీసేవాడా, మనుషుల్ని కూర్చోబెట్టేవాడా?

ఆయన భార్య వైపు చూశాడు, కాస్త వెనకేసుకొస్తుందని. ఆవిడ గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళుగా తగాదాలు తీరుస్తున్న మనిషి. ఇరుపక్షాలనూ చూసి, షరతులు ప్రకటించింది. "సరే, ఒకటి తియ్యండి. ప్రాణంతో ఉండాలి, పెంచినది కాకూడదు, దొంగతనంగా బోనులో పెట్టినది కాకూడదు. బాగుంటే పిట్టను దింపేస్తాను. బాగుందో లేదో నేను చెప్తాను."

"తమ్ముడి పక్షం కాదుగా?" అన్నాడాయన.

"మేకు పక్షం," అంది ఆవిడ.

ఆదివారం సాయంత్రం ఇద్దరూ బస్సెక్కి సముద్రానికి వెళ్ళారు. ఆఖరి స్టాపులో దిగి, ఐస్‌క్రీం బండ్లు ఉన్న వైపు కాకుండా రాళ్ళగట్టు అవతలి వైపు నడిచారు. తినడానికేమీ దొరకని చోట జనం ఉండరు, జనం లేని చోట జంతువులుంటాయి అన్నది ఆయన సిద్ధాంతం. ఆవిడ మడత కుర్చీ, ఫ్లాస్కు, తువ్వాలు, సగం చదివిన నవల తెచ్చుకుంది. ఆయన స్టూడియో కెమెరా, ముక్కాలి స్టాండు, చొక్కా జేబులో దువ్వెన తెచ్చాడు. దువ్వెన ఎందుకని ఆవిడ అడిగింది. అలవాటు అన్నాడు.

సముద్రం ఆ పూట మంచి మూడ్‌లో ఉంది. అలలు పెద్ద మాటలేమీ లేకుండా వచ్చి, తడి ఇసుక మీద పల్చటి అద్దం పరిచి, మెల్లగా వెనక్కి లాక్కుంటున్నాయి. ఎండ బంగారంలోంచి రాగిలోకి దిగుతోంది. గట్టు చివర రాతి మీద ఒక తెల్ల కొంగ, ఏదో పెద్ద సభకు అధ్యక్షత వహిస్తున్నట్టు నిలబడి ఉంది.

ఆయన దాన్ని ఆపాదమస్తకం చూశాడు. తెల్లటి దుస్తులు, నిటారు మెడ, కదలిక లేదు. ఇంతటి క్రమశిక్షణ గల కస్టమరు ఈ మధ్య స్టూడియోకి రాలేదు. అయితే ఆయన లెన్సు ఐదడుగుల దూరంలో స్టూలు మీద కూర్చున్న మనిషి కోసం పుట్టినది. అందుకని అడుగులో అడుగు వేసుకుంటూ రాళ్ళ దాకా వెళ్ళి, స్టాండు నిలబెట్టి, కన్ను ఆనించాడు. కొంగ అలాగే ఉంది. వెలుతురు దాని మెడ మీద సరిగ్గా పడింది.

"గడ్డం కొంచెం పైకి," అన్నాడు స్టూడియో గొంతుతో.

కొంగ గడ్డంతో పాటు మొత్తం పైకి లేచింది. "కళ్ళార్పకండి" దగ్గర గట్టు దాటింది. "రెడీ" అనేసరికి సముద్రం మీద ఉంది. బొత్తాం మాత్రం నియమం తప్పకుండా నొక్కుకుంది. ఫోటోలో ఒక రాయి వచ్చింది, చాలా స్పష్టంగా.

తర్వాత అంచు వెంట తిరిగే చిన్న ఉల్లంకి పిట్టల వంతు. అల వెనక్కి పోగానే పరిగెత్తుకెళ్ళి ఇసుకలో ముక్కుతో పొడవడం, అల రాగానే పరిగెత్తుకు రావడం, ఇదీ వాటి ఉద్యోగం. ఆయన వాటి వెనక పడ్డాడు. ప్రతిసారీ మొదటి ముక్క వినగానే గుంపు ముందుకు జరిగేది, మూడో ముక్కకు ఇంకో తీరంలో ఉండేది. దూరాన కుర్చీలో కూర్చున్న ఆవిడకు, ఒక పెద్దమనిషి ముక్కాలి స్టాండును చంకన పెట్టుకుని, పిట్టల్ని గడ్డం ఎత్తమని బతిమాలుతూ అటూ ఇటూ పరిగెడుతుండటం నవల కన్నా బాగుంది. పేజీ తిప్పడం మానేసింది.

ఆ తీరంలో ఆయన మాట విన్నది ఒక్క ప్రాణే. రాళ్ళ వెనక నుంచి వచ్చిన గోధుమరంగు కుక్క. వాక్యం మొదలవగానే ఆయన ముందు చతికిలబడి, గడ్డం ఎత్తి, కళ్ళార్పకుండా చూసింది. ఆయన ఆశగా కుర్చీ వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మెడలో పట్టీ ఉంది. కుక్కకు తన ఫోటో తిరస్కరించారని అర్థమైనట్టుంది, కాసేపు ఆయన వెంటే తిరిగి, మనసు విరిగి వెళ్ళిపోయింది.

ఆయన కుర్చీ దగ్గరకొచ్చి కూలబడ్డాడు. ఫ్లాస్కులోంచి టీ పోసిస్తూ ఆవిడ ఉన్న సంగతి చెప్పింది. పిట్టలు ఆయన్ని చూసి పారిపోవడం లేదు, విని పారిపోతున్నాయి. ఆ మాట అనకుండా తీస్తే సరి.

ఇంత చిన్న విషయం తనకెందుకు తట్టలేదా అని ఆయన ఆశ్చర్యపోయాడు. ఇకపై అనను అన్నాడు. ఆవిడకు ఆ మాట మీద నమ్మకం లేదు. చేతిసంచీలో వెతికి, పళ్ళకు బంకలా అంటుకునే రకం టాఫీ ఒకటి తీసి ఆయన నోట్లో పెట్టింది. పై దవడా కింది దవడా ఒకటయ్యాయి.

కొంగ తిరిగొచ్చి ఉంది. మళ్ళీ అదే రాయి, అదే అధ్యక్ష భంగిమ. ఆయన పిల్లిలా చేరి, కన్ను ఆనించి, నిశ్శబ్దంగా నిలబడ్డాడు. కొంగ చూసింది, పారిపోలేదు. నీడలు కుదిరాయి. వెలుతురు కుదిరింది. వేలు బొత్తాం మీద ఉంది.

వేలు కదల్లేదు.

పైనుంచి ఆజ్ఞ రానిదే చిన్న గుమాస్తా సంతకం పెట్టనట్టు, వేలు బొత్తాం మీద అలాగే కూర్చుంది. నొక్కు అని ఆయన మనసులో అరిచాడు. మనసు మాట వినే అలవాటు వేలికి లేదు, నోటి మాట వినే అలవాటే ఉంది. నోరేమో టాఫీతో సీలు వేసి ఉంది. ఈలోగా కొంగ వంగి, ఒక చేపను పట్టి, తల ఎత్తి, తీరిగ్గా మింగి, ముక్కు నీళ్ళలో కడుక్కుని, ఇంకా ఏమైనా కావాలా అన్నట్టు కొంతసేపు నిలబడింది. ఏమీ అక్కర్లేదని తేలాక ఎగిరిపోయింది.

ఆయన ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. టాఫీ కరిగేదాకా ఏం జరిగిందో చెప్పలేకపోయాడు. కరిగాక చెప్పడం ఇంకా కష్టమైంది.

"వేలు కదల్లేదు," అన్నాడు చివరికి.

ఆవిడ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. అందుకే ఆయనకు భయమేసింది. ముప్పై ఏళ్ళు ఒక పని చేశాక, మాట్లాడకుండా ఆ పని చెయ్యడం చేతకాదని తెలియడం చిన్న విషయం కాదని ఆవిడకు అర్థమైంది. ఆయన లెన్సుకు మూత పెట్టేస్తున్నాడు. పిట్ట అలాగే ఉండనీ, మంచి ఫోటోయేలే, చేప కూడా వచ్చింది అన్నాడు. ఫిరంగిని ఆయన మెచ్చుకోవడం ఆవిడ వినడం అదే మొదటిసారి.

ఆవిడ నవల మూసింది. "మూత తియ్యండి," అంది. "మీరు నోరు మూసుకోండి, నేనంటాను."

ఇక్కడ గ్రంథాలయం వాళ్ళ గొంతు గురించి ఒక మాట చెప్పాలి. అరవకుండా మనిషిని ఆపడం, పక్కవాడికి వినబడకుండా ఎదుటివాడికి వినిపించడం వాళ్ళ వృత్తి. ఆవిడ "కొంచెం మెల్లగా" అంటే కుర్చీలు కూడా కిర్రుమనడం మానేస్తాయని పాఠకులు చెప్పుకుంటారు. అలాంటి గొంతు ఇంట్లో ఉండగా ఇంతకాలం కెమెరా పనికి వాడుకోకపోవడం ఆ దంపతుల అజాగ్రత్త.

కొంగ ఇక రాలేదు. ఉల్లంకులు మరో జిల్లాకు బదిలీ అయ్యాయి. మిగిలింది కుర్చీకి కొంచెం అవతల ఇసుకలో ఒక కన్నం, దాని గుమ్మం ముందు ఉండలు ఉండలుగా పోసిన ఇసుక. లోపల గృహస్థుడు ఉన్నాడని దానర్థం. ఆయన స్టాండు పక్కన పడేసి, తువ్వాలు మడిచి దాని మీద కెమెరా పెట్టి, ఆదివారం చొక్కాతో బోర్లా పడుకున్నాడు. ఆవిడ కుర్చీ కదపలేదు, కదిలితే నేల అదురుతుందని.

చాలాసేపటికి కన్నంలోంచి రెండు కళ్ళు వచ్చాయి, పుల్లల చివర గుచ్చిన మిరియాల్లా. కుడివైపు చూశాయి, ఎడమవైపు చూశాయి, వాటి వెనక ఇసుకరంగు పీత గుమ్మం దాటి వచ్చింది. ఎదురుగా కొండంత మనిషి పడుకుని ఉండటం గమనించి ఆగిపోయింది. పీత కష్టాలు పీతవి. దారిలో కొండ ఉంటే ఎటు పోవాలో అది ఆలోచిస్తోంది.

"గడ్డం కొంచెం పైకి," అంది ఆవిడ, పుస్తకం తిరగేస్తున్న పాఠకుడికి చెప్పినట్టు.

పీత కాళ్ళ మీద లేచి నిలబడింది. ఆవిడ మాట వల్ల లేచిందా, దాని మానాన అది లేచిందా అన్నది పీతకే తెలియాలి. లేవడం మాత్రం లేచింది, ఛాతీ విరిచి, భుజాలు సమానంగా, డెక్కలు రెండూ ముందు కట్టుకుని, నేరుగా లెన్సులోకి చూస్తూ.

"కళ్ళార్పకండి."

పీతకు రెప్పలు లేవు. ఆ ఆజ్ఞను ఇంత నిష్ఠగా పాటించిన కస్టమరు ఆ వాక్యం చరిత్రలోనే లేడు.

"రెడీ."

వేలు కదిలింది.

ఆ చిన్న చప్పుడుకు పీత కన్నంలోకి మాయమైంది. అంతవరకూ మర్యాదగా ఉన్న సముద్రం అదే అదనుగా ఒక అల పంపి, ఆయన్ని ఛాతీ దాకా తడిపింది. ఆయన కెమెరాను రెండు చేతులతో నెత్తికి ఎత్తి పట్టుకుని, పడుకునే ఉన్నాడు.

"వచ్చిందా?" అంది ఆవిడ.

"వచ్చింది," అన్నాడు ఆయన. నోట్లోకి పోయిన ఉప్పునీళ్ళు ఉమ్మేసి మళ్ళీ చెప్పాడు, "వచ్చిందే."

మర్నాడు స్టూడియోలో కంప్యూటరు ముందు ఒక చేదు నిజం బయటపడింది. మనుషుల కోసం పుట్టిన లెన్సుకు పీత చాలా చిన్న ముఖం. ఫోటో నిండా ఇసుకే, మధ్యలో పీత. దాన్ని లకుముకి అంత పెద్దది చేస్తే పీత పోయి, ఇసుకరంగు చుక్కలు మిగిలాయి. పుస్తకమంత చేసినా చుక్కలే. పోస్టుకార్డు సైజులో అది పీతో గవ్వో చెప్పడం కష్టమైంది. ఆయన ఒక్కో మెట్టు తగ్గిస్తూ వచ్చాడు. చివరికి ఒక సైజులో కళ్ళు తేటపడ్డాయి, డెక్కల అంచులు విడివిడిగా కనిపించాయి, భుజాలు నిలిచాయి. అది పాస్‌పోర్టు సైజు. ఆయన కాసేపు గోడ కేసి చూసి, ప్రింటు బొత్తాం నొక్కాడు.

సాయంత్రం అది ఆవిడ అరచేతిలో పెట్టి, తీర్పు కోసం నిలబడ్డాడు. స్టూలు మీద కూర్చునేవాళ్ళకు ఎలా ఉంటుందో ఆయనకు అప్పుడే తెలిసింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ట్యూబులైటు కిందకు వెళ్ళి, చాలాసేపు చూసింది. రెండు కళ్ళూ ఉన్నాయి. పక్కకు చూడటం లేదు. నోట్లో ఏమీ లేదు. వెనక తడి ఇసుక, దాదాపు తెలుపు. గడ్డం ఉండాల్సిన చోటు రవంత పైకి, కళ్ళు ఇంతింత, ఎవరో అప్పుడే తన మాట కొట్టిపారేసినట్టు.

ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. తర్వాత నవ్వు బయటికి వచ్చింది, గ్రంథాలయంలో ఎన్నడూ వాడనిది. "వీడు మన ఊరివాడేనండీ," అంది.

పిట్ట దిగింది. మర్నాడు దాన్ని గ్రంథాలయానికి తీసుకెళ్ళి పిల్లల పుస్తకాల బీరువా పైన పెట్టింది. మేకుకు, అగ్గిపెట్టెంత చట్రంలో పీత ఎక్కింది. చుట్టూ పెద్ద చట్రాలు ఏళ్ళ తరబడి కాపాడిన గోడ భాగం చెక్కుచెదరని రంగుతో పలకలా ఉండటంతో, మధ్యలో పీత ఒక విశాల రాజ్యానికి అధిపతిలా కనిపించింది.

వారం తిరక్కుండా ఫిరంగి వచ్చాడు. సోఫాలోంచి చూసి మేకు ఖాళీగా ఉందనుకున్నాడు. లేచి దగ్గరికెళ్ళాడు. కళ్ళజోడు తీశాడు. ముక్కు గోడకు ఆనేదాకా వంగాడు. ఎంతసేపటికీ లేవకపోతే నడుం పట్టేసిందేమోనని ఆవిడ లోపలినుంచి తొంగిచూసింది.

"బావగారూ, ఇది సూటిగా కెమెరాలోకి చూస్తోంది," అన్నాడు గోడతోనే. "నా వైపు ఇన్నేళ్ళలో ఒక్కటీ ఇలా చూడలేదు. ఎలా చూసింది?"

"చెప్పాం, విన్నది," అన్నాడు స్టూడియో ఆయన గంభీరంగా.

వంటింట్లో గిన్నె ఒకటి అవసరం లేకుండా చప్పుడైంది.

"మీ అక్క చెప్పింది," అన్నాడాయన.

వచ్చే ఆదివారం అక్కను ఒక్కపూట చెరువు గట్టుకు పంపమని ఫిరంగి అడిగాడు. నవల ఇంకా సగమే అయిందని ఆవిడ చెప్పి పంపేసింది. ఆ విధంగా, ఆ మేకు చరిత్రలో మనుషుల శకమూ పిట్టల శకమూ ముగిసి పీత శకం మొదలైంది. వచ్చినవాళ్ళందరూ లేచి వెళ్ళి, వంగి చూసి, "అబ్బ" అంటారు. స్టూడియో ఆయన అప్పుడు ట్యూబులైటు కేసి చూస్తుంటాడు, గడ్డం కొంచెం పైకెత్తి.

ఆయన ప్రింటరు ఒక షీటుకు ఎనిమిది చొప్పున తీస్తుంది. మిగతా ఏడు స్టూడియో సొరుగులో ఉన్నాయి.